అత్తయ్య ఊపిరి

మా అత్తయ్యకి నేనంటే గిట్టదని ఏడేళ్ళపాటు గట్టిగా నమ్మాను. కారణం పెద్దదేం కాదు. ఆవిడ ఊదేది.

నేను గదిలోకి వస్తే పెదాలు సున్నాలా చుట్టి 'ఫూ' అని ఊదేది. గిన్నె చప్పుడైతే ఊదేది. అద్దం ముందు నిలబడి నేను జడ వేసుకుంటుంటే, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని నా వైపే చూస్తూ మెల్లగా, పొడుగ్గా ఊదేది. ఏ కోడలైనా ఏమనుకుంటుంది చెప్పండి? మా పెద్దమ్మకి ఎవరిమీదైనా విసుగొస్తే సరిగ్గా అలాగే ఊదేది. అందుకని నేనూ తిరిగి ఊదడం మొదలుపెట్టాను. వంటగదిలో నేనొక 'ఫూ', కిటికీ దగ్గర ఆవిడొక 'ఫూ'. మధ్యలో మా ఆయన ఏ గాలికీ కదలని స్తంభంలా కూర్చుని టీ తాగేవాడు.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊరందరినీ పైకీ కిందకీ తిప్పే మనిషి కాపురం మాత్రం లిఫ్టు లేని భవనంలో, మూడో అంతస్తులో. నేను సిటీ బస్సులో కండక్టర్ని. అత్తయ్య నూలుమిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి దిగిపోయిన మనిషి. దూది నుసి పీల్చీ పీల్చీ ఆవిడ ఊపిరితిత్తులు పాడైపోయాయనీ, అది నయమయ్యే జబ్బు కాదనీ, పొద్దునా సాయంత్రం పీల్చే మందు ఆపకూడదనీ నాకు తెలుసు. తెలుసంటే, పక్కింటావిడకి మోకాళ్ళ నొప్పులని తెలిసినట్టు తెలుసు. అంతకంటే ఎక్కువ కాదు.

ఆ ఏడు చలి ముదిరింది. బస్సు కిటికీలన్నీ మూసేసేవాళ్ళు. యాభై మంది పట్టే బస్సులో తొంభై మంది, అందులో సగం మందికి దగ్గు. నేను టికెట్లిస్తే వాళ్ళు తుమ్ములిచ్చారు. రెండు రోజులు ముక్కు కారింది, ఒక రోజు ఒళ్ళు వెచ్చబడింది, నాలుగో రోజుకి మళ్ళీ డ్యూటీ ఎక్కాను. "జలుబుకి మందేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు" అని డ్రైవరన్న నవ్వాడు. నాకు మూడు రోజుల్లోనే తగ్గింది కాబట్టి నేనూ నవ్వాను.

ఎవరికైనా జలుబు చేస్తే అత్తయ్యకి దూరంగా ఉండాలని డాక్టరు ఏనాడో చెప్పిన మాట గుర్తులేదా అంటే, ఉంది. ముక్కుకీ నోటికీ అడ్డం గుడ్డ కట్టుకుని టీ ఇవ్వొచ్చు. కట్టుకోలేదు. ఆ ఏడు ఆవిడకి వేయించాల్సిన ఫ్లూ సూది కూడా రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చాం. మామూలు జలుబే కదా.

నాకు తగ్గిన మర్నాడు అత్తయ్యకి దగ్గు మొదలైంది. ఎప్పుడూ ఉండే దగ్గు కాదు, గరగరమని లోపలెక్కడో ఏదో ఈడుస్తున్నట్టు. ఆ మర్నాడు జ్వరం. మూడో రోజు పొద్దున నేను డ్యూటీకి తయారై బయటికొచ్చేసరికి, ఆవిడ భోజనాల బల్లకి రెండు మోచేతులూ ఆనించి ముందుకి వాలి కూర్చుని ఉంది. భుజాలు చెవులదాకా లేస్తున్నాయి, పడుతున్నాయి. మెడ కింద గుంట ప్రతి ఊపిరికీ లోపలికి లాక్కుపోతోంది.

"అమ్మాయ్," అంది. ఫూ. "కిటికీ." ఫూ. "తెరువు."

కిటికీ తెరిచే ఉంది.

దగ్గరికెళ్ళి చూస్తే పెదాలు నీలంగా ఉన్నాయి. గోళ్ళు కూడా. మా ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఏ భవనంలోనో లిఫ్టు గోతిలో వేలాడుతూ ఉంటాడు. అంబులెన్సుకి ఫోన్ చేసి వచ్చి చూస్తే అత్తయ్య కళ్ళు మూతలు పడుతున్నాయి.

"అత్తయ్యా! అత్తయ్యా, ఇటు చూడండి."

"షిఫ్టు బెల్లు కొట్టారా?" అంది కళ్ళు తెరవకుండానే. "నా మిషను ఎవరు చూస్తున్నారు?"

ఆవిడ కిందికి జారిపోకుండా భుజాలు పట్టుకున్నాను.

అంబులెన్సు మనుషులిద్దరు ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టు కట్టి, మెట్ల మీదుగా దించారు. "మాట్లాడిస్తూ ఉండమ్మా, నిద్రలోకి జారనివ్వకు" అన్నాడు పెద్దాయన. ఏం మాట్లాడను? ఏడేళ్ళలో ఆవిడతో నేను వరసగా పది మాటలు మాట్లాడిన రోజు లేదు. బండి కదిలాక ఏమీ తోచక మా రూటులో స్టాపుల పేర్లు కేకెయ్యడం మొదలుపెట్టాను. బస్సులో ఎలా అరుస్తానో అలాగే. దిగేవాళ్ళు ముందుకి రండి, తలుపు దగ్గర నిలబడకండి, అన్నీ. ఇరవై రెండు స్టాపులూ అయిపోయాయి. మళ్ళీ డిపో నుంచి వెనక్కి మొదలుపెట్టాను. తిరుగు ప్రయాణంలో తొమ్మిదో స్టాపు తప్పు చెప్పినట్టున్నాను, అత్తయ్య కళ్ళు మూసుకునే కనుబొమలు ముడిచింది. అంబులెన్సు పెద్దాయన "భలే, వింటున్నారు" అన్నాడు.

*

ఆసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ సన్నగా, పొడుగ్గా, బొంగురు గొంతుతో ఉంది. మా ఆయన చేతులకి గ్రీజు మరకలతోనే పరిగెత్తుకొచ్చాక ఇద్దరినీ లోపలికి పిలిచి తెర మీద ఎక్స్‌రే చూపించింది.

నేను అంతకు ముందు ఊపిరితిత్తులు చూడలేదు. రెండు పెద్ద నల్లటి సంచులు, పక్కటెముకల కిందిదాకా సాగిపోయి ఉన్నాయి. వాటి మధ్య గుండె నిలువుగా, సన్నగా, కిక్కిరిసిన బస్సులో ఒంటికాలి మీద నిలబడ్డ మనిషిలా ఇరుక్కుని ఉంది.

"ఇవి పాత జబ్బు వల్ల సాగిన తిత్తులు," అంది డాక్టరమ్మ. "గాలి లోపలికి పోతుంది కానీ పూర్తిగా బయటికి రాదు. పాత గాలి అక్కడే ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి అలా ఉండీ ఉండీ ఇలా ఉబ్బిపోయాయి. ఇదిగో, ఈ తెల్లటి మచ్చలు కొత్తవి. న్యుమోనియా. వైరస్సుది." మా ఇద్దరి వైపూ చూసింది. "ఇంట్లో ఎవరికైనా జలుబు చేసిందా?"

"మా ఆవిడకి కాస్త చేసిందండీ. మూడు రోజుల్లో తగ్గిపోయింది," అన్నాడు మా ఆయన, వాతావరణం గురించి చెప్పినట్టు.

"అదే అయ్యుంటుంది. పరీక్షకి పంపాం. మీకు ముక్కులో, గొంతులో ఆగిపోయింది. మీ తిత్తుల్లో కొంచెం భాగం పాడైనా మిగతాది పని నడిపిస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. ఆవిడకి మిగులు లేదు. ఉన్నదంతా ఎప్పుడో వాడేశారు. ఆ ఉన్న కాస్త మీదే ఇన్నాళ్ళూ నడిపారు. దాని మీదికి ఇది వచ్చి పడింది."

నేను తల వంచుకున్నాను. మా ఆయన నా వైపు చూడలేదు. చూడకపోవడం ఆయన మంచితనం.

"ఒక సంగతి అడగాలి," అంది డాక్టరమ్మ. "పెదాలు చుట్టి ఊదడం ఆవిడకి ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. అది ఆవిడ అలవాటు," అన్నాను.

"అలవాటు కాదమ్మా, ఉపాయం. గాలి వదిలేటప్పుడు లోపలి సన్నటి గొట్టాలు ముడుచుకుపోతాయి, అందుకే గాలి చిక్కుకుపోతుంది. పెదాల దగ్గర కొంచెం అడ్డంపెట్టి మెల్లగా వదిలితే, ఆ ఒత్తిడికి గొట్టాలు తెరుచుకుని ఉంటాయి. మేం దీన్ని జనాన్ని కూర్చోబెట్టి, బొమ్మలేసి మరీ నేర్పిస్తాం. కొందరికి ఒళ్ళే దానంతటది కనిపెట్టుకుంటుంది. ఈవిడ అలా ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారు?"

"ఏడేళ్ళు," అన్నాను. "నాకు తెలిసి."

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. మా ఆయన "టీ తెమ్మంటావా?" అన్నాడు. వద్దన్నాను. నేను జడ వేసుకునే చోటు ఆవిడ కుర్చీకి ఎదురుగా ఉంటుంది. అందుకే నా వైపు చూసేది. అంతకు మించి ఇంకేమీ లేదు. ఊపిరి ఆడక ఊదుతున్న మనిషికి జవాబుగా ఏడేళ్ళు ఊదాను నేను.

*

ఆవిడని ఒక గాజుగదిలో పెట్టారు. అంటుకునే జబ్బు కాబట్టి రోజుకి ఒక్కళ్ళని, అదీ గౌను, మాస్కు వేయించి, పది నిమిషాలే పంపేవాళ్ళు. మిగతా పొద్దంతా అద్దం ఇవతల కుర్చీ. ముక్కూ నోరూ కలిపి మూసేలా ఆవిడ ముఖానికి బిగుతుగా ఒక పారదర్శకపు మాస్కు కట్టారు. దాని గొట్టం పక్కనున్న యంత్రానికి. ఆవిడ పీల్చినప్పుడల్లా యంత్రం గాలి నెట్టేది, వదిలినప్పుడు తగ్గేది. పీల్చాలనే కోరిక మాత్రం ఆవిడదే, ఈ యంత్రం కేవలం చెయ్యందిస్తుంది అని చెప్పింది నర్సు.

తెర మీద ఒక అంకె వెలుగుతూ ఉండేది. ఒంట్లో ఆక్సిజన్ ఎంత ఉందో చెప్పే అంకె. అది ఎనభై తొమ్మిది చూపిస్తుంటే మా ఆయన ఊరుకోలేకపోయాడు.

"సిస్టర్, కొంచెం పెంచండి. సిలిండర్లు లేవా?"

"బోలెడున్నాయన్నా. కానీ మీకూ నాకూ తొంభై ఎనిమిది ఉండాలి. ఆవిడకి తొంభై చాలు. ఎక్కువిస్తే లోపల చెడుగాలి పేరుకుని మత్తులోకి వెళ్ళిపోతారు. ఇంటి దగ్గర బెల్లు కొట్టారా అని అడిగారట కదా, ఆ మత్తే."

"తక్కువతో నడవడం అలవాటైన మోటారుకి ఒక్కసారిగా కరెంటు ఎక్కువిచ్చినట్టన్నమాట."

"మోటార్ల సంగతి నాకు తెలీదన్నా. చెయ్యి మాత్రం నాబు మీద పెట్టకండి."

ఆయన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

నేను పనిలేక ఆవిడ ఊపిరులు లెక్కపెట్టాను. నిమిషానికి ముప్పై ఆరు. అదెంతో అర్థం కాక, కుర్చీలో కూర్చుని నేను కూడా ఆవిడతో పాటు పీల్చి వదలడం మొదలుపెట్టాను. అర నిమిషానికి కళ్ళు తిరిగాయి, వేళ్ళ చివర్లు జిల్లుమన్నాయి, ఆపేశాను. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా డబుల్ డ్యూటీ చేసి, నిండు బస్సులో ఈ చివర్నించి ఆ చివరికి ఈదుకుంటూ తిరిగే దాన్ని నేను. ఎముకల గూడులాంటి అరవై నాలుగేళ్ళ మనిషి అది మూడు రోజులుగా, నిద్రలో కూడా ఆపకుండా చేస్తోంది. అద్దానికి నుదురు ఆనించి అలా చూస్తూ ఉండిపోయాను. కొండ ఎక్కేవాళ్ళని, ఏరు ఈదేవాళ్ళని చూసి ఔరా అనుకుంటాం. మంచం మీద కదలకుండా పడుకున్న మనిషిని చూసి ఔరా అనుకోవడం నాకదే మొదటిసారి.

నాలుగో రోజు డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది.

"అలిసిపోతున్నారు," అంది. "ఇంకా అలిసిపోతే గొంతులోకి ట్యూబు వేసి, మత్తిచ్చి, పూర్తిగా యంత్రం మీద పెట్టాల్సి వస్తుంది. మామూలు తిత్తులైతే వారం, పది రోజుల్లో తీసేస్తాం. ఇలాంటి తిత్తులకి వెయ్యడం తేలిక, తియ్యడం కష్టం. కొందరికి తియ్యలేకపోతాం కూడా. అందుకని ముందే అనుకోవాలి."

"అనుకోవడానికేముందండీ, చెయ్యగలిగిందంతా చెయ్యండి," అన్నాడు మా ఆయన.

"మీరు కాదు బాబూ. ఆవిడ అనుకోవాలి. ఇప్పుడు తెలివిలోనే ఉన్నారు. రేపు ఉండకపోవచ్చు."

అడగడం ఎలాగ? మాస్కు తీస్తే రెండు నిమిషాల్లో అంకె జారిపోతోంది. మాస్కులోంచి మాట్లాడితే గాలి హోరు తప్ప ఏమీ రాదు. కాగితం, పెన్ను ఇస్తే చెయ్యి వణికి గీతలు పడ్డాయి. "ట్యూబు వెయ్యమంటారా?" అంటే తల ఊపింది. "వద్దా?" అంటే దానికీ తల ఊపింది. మా ఆయన అద్దం ఇవతల తల పట్టుకుని కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే చిలకక్క వచ్చింది.

చిలకక్క మిల్లులో అత్తయ్య పక్క మిషను మీద ఇరవై ఏళ్ళు పనిచేసింది. ఆ పేరు ఎందుకొచ్చిందో ఒక్క నిమిషం ఆవిడ పక్కన నిలబడితే ఎవరికైనా తెలిసిపోతుంది. ఆటో దిగింది మొదలు మాటే. ఆటోవాడి మీద, గేటు దగ్గర వాచ్‌మన్ మీద, లిఫ్టు రానందుకు మా ఆయన మీద. "నిన్న సాయంత్రం తెలిసింది కోడలు పిల్లా, నాకు ముందే ఒక్క ఫోన్ చెయ్యొద్దా, నేనేమైనా పరాయిదాన్నా" అంటూ వరండా అంతా దులిపేస్తూ వచ్చి, అద్దం దగ్గర నిలబడి లోపలికి చూసి, ఠక్కున ఆగిపోయింది.

తర్వాత చేతిసంచి నేలమీద పెట్టి, కుడిచెయ్యి పైకెత్తి, అరచేతిని రెండుసార్లు గాలిలో తిప్పింది.

అత్తయ్య కళ్ళు పెద్దవయ్యాయి. దుప్పటి మీద ఆవిడ చెయ్యి కదిలింది. రెండు వేళ్ళు లేచాయి, వంగాయి, చెంప వైపు చూపించాయి. చిలకక్క పకపకా నవ్వేసి, నెత్తి మీద పమిట సర్దుకుని, మూడు నాలుగు సైగలు గబగబా చేసింది. లోపల ఆ వణికే చెయ్యి, పెన్ను పట్టలేని చెయ్యి, తడబడకుండా జవాబు చెప్పింది.

నేను, మా ఆయన, నర్సు నోరు తెరుచుకుని చూస్తున్నాం.

"ఏమంటోంది?" అన్నాడు మా ఆయన.

"జుట్టుకి రంగేశావా అని అడుగుతోంది ముసలిది," అంది చిలకక్క. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు. "మా షెడ్డులో వేల కదుళ్ళు తిరిగేవి నాయనా. చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడేది కాదు. కాపురాల సంగతులు, పిల్లల సంగతులు, సూపర్వైజర్ మీద చాడీలు, అన్నీ చేతులతోనే, పెదాలతోనే. నన్ను వాగుడుకాయ అంటారు గానీ నేను జీవితంలో సగం నోరు విప్పకుండానే మాట్లాడాను."

అత్తయ్య మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు చేసినా, కొడుక్కి ఆ భాష ఉందనే తెలీదు. ఇంట్లో ఎప్పుడూ వాడలేదు. ఇంట్లో ఎవరితో మాట్లాడుతుంది?

డాక్టరమ్మని పిలిపించాను. ఆవిడ వచ్చి విషయమంతా చెప్పింది. చిలకక్క మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అంతా విని, "దానితో నేను ఇంతవరకు అబద్ధమాడలేదు. ఉన్నదున్నట్టే అడుగుతాను, ఫరవాలేదా?" అంది.

"అదే కావాలి నాకు."

"ట్యూబుకి మా దగ్గర సైగ లేదు. ఆగండి, ఎలా అడగాలో చూస్తాను." కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత అద్దానికి దగ్గరగా జరిగి రెండు చేతులూ ఎత్తింది. ఒక చేత్తో దారం లాగుతున్నట్టు చూపించి, పుటుక్కున తెంపినట్టు చూపించింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి నులుముతూ అతికించినట్టు చూపించింది. తర్వాత పెద్ద చక్రం తిప్పినట్టు చూపించి, ఆపింది. నూలు తీసేటప్పుడు దారం తెగితే వేళ్ళతో నులిమి అతికిస్తారట, మిషను ఆగకుండానే. అతకని చోట ఆ కదురు ఆపేస్తారట. ఇక్కడ దారమంటే ఊపిరి, అతకడమంటే ట్యూబు. ఇదంతా నాకు తర్వాత చెప్పింది.

లోపల యంత్రం తోస్తోంది, ఆగుతోంది. అత్తయ్య చిలకక్కని చూసింది, డాక్టరమ్మని చూసింది, మా ఆయన్ని చూసింది. చివరికి చెయ్యి లేచింది. దారం లాగినట్టు లాగి, తెగనట్టే ఉంచింది. తర్వాత వేళ్ళు నులిమింది. ఒక్క వేలు చూపించింది. ఇంకోసారి తెంపినట్టు చూపించి, అరచెయ్యి చదునుగా దుప్పటి మీద పెట్టింది.

"ఇంకా తెగలేదు అంటోంది," అంది చిలకక్క. గొంతు మామూలుగానే ఉంది. "తెగితే ఒక్కసారి అతకమంది. మళ్ళీ తెగితే ఇంక అతకొద్దంది. మిషను ఆపెయ్యమంది."

డాక్టరమ్మ వెంటనే ఏమీ రాసుకోలేదు. అద్దంలోంచి అత్తయ్య వైపు చూసి, తను కూడా అరచెయ్యి చదునుగా చేసి, సరే అన్నట్టు తల వంచింది.

"మేం అరగంట కూర్చుని వివరించి, నాలుగు పేజీలు రాసుకునేది ఇదే," అంది మాతో. "ఇంత స్పష్టంగా చెప్పినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు."

మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చిలకక్క ఆయన వీపు మీద చెయ్యి వేసి, "ఇంకో మాట కూడా అంది, మర్చిపోయాను. అబ్బాయికి ముఖం పీక్కుపోయింది, భోజనం చేస్తున్నాడా అని," అంది.

*

దారం తెగలేదు.

తెగుతుందేమోనని రెండు రోజులు అందరం కాచుకుని ఉన్నాం. ఐదో రోజు ఊపిరి నిమిషానికి ముప్పై ఎనిమిదికి వెళ్ళింది. ట్యూబు వేసే సామాను ట్రేలో సర్ది తలుపు దగ్గర పెట్టారు. దాని మీద ఆకుపచ్చ గుడ్డ కప్పారు. ఆ గుడ్డ ఎప్పుడు తీస్తారా అని కాక, తియ్యకుండా ఉంటే చాలునని చూస్తూ కూర్చున్నాను. ఆరో రోజు ముప్పై నాలుగు. ఏడో రోజు మధ్యాహ్నం ఎవరో ఆ ట్రేని తోసుకుంటూ ఇంకో గదికి తీసుకెళ్ళిపోయారు. ఎవరూ మాకేమీ చెప్పలేదు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే కూర్చుని, తర్వాత లేచి వెళ్ళి టీ తెచ్చాడు. ఆ వారంలో నేను పూర్తిగా తాగిన టీ అదొక్కటే.

ఎనిమిదో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి మాస్కు బల్లమీద ఉంది. అత్తయ్య ముక్కు మీద మాస్కు ఒరుసుకుని ఎర్రగా పుండు కట్టింది. ముక్కులో రెండు సన్నటి గొట్టాలు మాత్రం ఉన్నాయి. నన్ను చూసి పెదాలు చుట్టి 'ఫూ' అని ఊదింది.

నేనూ పెదాలు చుట్టాను. ఆవిడతో పాటు మెల్లగా, పొడుగ్గా వదిలాను. నా ముందు అద్దం మీద ఆవిరి పట్టింది. తుడిచి చూస్తే ఆవిడ ఇంకా వదులుతూనే ఉంది. ఎంత పొడుగు ఊపిరో! నా ఊపిరి అంతసేపు రాలేదు.

ఆ తర్వాత నేలమీద మళ్ళీ నిలదొక్కుకోవడానికి మూడు వారాలు పట్టింది. న్యుమోనియా పోయింది గానీ, పోతూ పోతూ ఉన్న కొంచెం బలంలో కూడా కొంత పట్టుకుపోయింది. మంచం దిగడం ఒక రోజు పని. కుర్చీదాకా వెళ్ళడం ఒక వారం పని. వ్యాయామం చేయించే మాస్టారొకాయన వచ్చి, "అమ్మా, ఎత్తేటప్పుడు, లేచేటప్పుడు, అడుగేసేటప్పుడు ఊదండి. ఆగినప్పుడు పీల్చండి" అని పాఠం మొదలుపెట్టి, నాలుగు నిమిషాలు చూసి, "మీకు నేను నేర్పేదేముంది" అని నవ్వేశాడు. ఇకమీదట రోజూ చాలా గంటలు ఆక్సిజన్ పెట్టుకోవాలన్నారు. మా ఆయన ఇంట్లో గొట్టం ఏ గదిదాకా వస్తుందో కొలిచి, గుమ్మాల దగ్గర కాలికి తగలకుండా గోడకి కొక్కేలు కొట్టాడు. మేమిద్దరం ఫ్లూ సూది వేయించుకున్నాం. నేను డ్యూటీ దిగి రాగానే బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కుని గానీ గదిలోకి వెళ్ళకూడదని నాకు నేనే రూలు పెట్టుకున్నాను.

ఒక్కటే మిగిలింది. ఆవిడకి నేను చెప్పలేదు.

*

ముప్పై మూడో రోజు ఇంటికి తీసుకొచ్చాం. మధ్యాహ్నం ఎండ బాగానే ఉంది, చలి వెనక్కి తగ్గుతోంది. భవనం గుమ్మంలో బండి ఆగింది. అంబులెన్సు కుర్రాళ్ళు కుర్చీ దింపి, ఆవిడని కూర్చోబెట్టడానికి బెల్టు విప్పుతుంటే అత్తయ్య చెయ్యి అడ్డుపెట్టింది.

"వద్దు."

"అమ్మా, యాభై నాలుగు మెట్లు," అన్నాడు మా ఆయన.

"బస్తానా?" ఫూ. "నేను."

ఆయన డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. ఆవిడ "తొందరేమైనా ఉందా మీకు?" అని అడిగిందట. లేదన్నాడట. "అయితే ఎక్కనివ్వండి. అంకె చూసుకుంటూ ఉండండి, ఎనభై ఐదు దాటి కిందకి పోతే ఆపండి" అందట. కబురు ఎలా పాకిందో గానీ మొదటి అంతస్తులో ఒకరు, రెండో అంతస్తులో ఒకరు కుర్చీలు తెచ్చి మెట్ల పైన వేశారు. మా ఆయన ఆవిడ వేలికి అంకె చూపించే క్లిప్పు పెట్టి, చిన్న సిలిండరు భుజానికి తగిలించుకున్నాడు. నేను అత్తయ్య చెయ్యి పట్టుకున్నాను.

మొదటి మెట్టు దగ్గర నా కాలు లేవలేదు.

"అత్తయ్యా," అన్నాను. "ఆ జలుబు నాది. బస్సులోంచి నేనే తెచ్చాను. ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోలేదు."

ఆవిడ నా వైపు చూసింది. జవాబివ్వడానికి ఊపిరి కావాలి, మెట్టెక్కడానికీ ఊపిరి కావాలి. ఉన్నది ఒకదానికే సరిపోతుంది. వేలెత్తి ఆగమన్నట్టు చూపించి, ఊదుతూ కాలు పైకి పెట్టింది.

ఒక మెట్టు. నాలుగు ఊపిరులు. ఇంకో మెట్టు. ఇంత నెమ్మదిగా మెట్లెక్కితే ఎన్ని కనిపిస్తాయో! పదకొండో మెట్టు అంచు విరిగి ఉంది, ఏడేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. పద్దెనిమిది మెట్లెక్కి కుర్చీలో కూర్చునేసరికి అంకె ఎనభై ఆరు. ఐదు నిమిషాలకి తొంభై అయింది.

"జలుబు," అంది అత్తయ్య. ఫూ. "నీదే."

నేను తల వంచుకున్నాను. ఆవిడ లేచింది.

రెండో వరస మొదటిదానికంటే కష్టమైంది. మధ్యలో రెండుసార్లు కమ్మీ పట్టుకుని, నుదురు చేతి మీద ఆనించి నిలబడిపోయింది. మా ఆయన "అమ్మా, ఇంక చాలు, కుర్చీ తెప్పిస్తాను" అన్నాడు. ఆవిడ వినలేదు, లేదా వినే పనికి ఊపిరి ఖర్చుపెట్టదలుచుకోలేదు. రెండో కుర్చీలో కూర్చుని చాలాసేపు కళ్ళు మూసుకుంది. పై అంతస్తువాళ్ళు, కింది అంతస్తువాళ్ళు కమ్మీల మీదుగా వంగి చూస్తున్నారు. అంకె మెల్లగా లేచింది.

"తిత్తులు," అంది కళ్ళు తెరవకుండా. నేను వంగి చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టాను. ఫూ. "మిల్లువి."

అంతే. మళ్ళీ లేచింది.

మూడో వరసలో నేను లెక్కపెట్టడం మానేశాను. ఆవిడ ఊదినప్పుడు ఊదాను, ఆగినప్పుడు ఆగాను. నలభై నిమిషాలు దాటిందని మా ఆయన తర్వాత చెప్పాడు. ఇంకా ఐదు మెట్లుండగా ఆవిడ ఆగింది. ముఖమంతా చెమట. మెడ నరాలు తాళ్ళలా తేలాయి. నా చేతిలో ఆవిడ చెయ్యి పిట్ట గుండెలా అదురుతోంది. ఇక్కడ కుర్చీ లేదు. ఇంక అయిపోయిందనుకుని మా ఆయన సిలిండరు దింపబోయాడు.

అత్తయ్య పొడుగ్గా ఒక ఊపిరి వదిలి, ఇంకోటి తీసుకుని, నా వైపు తిరిగింది.

"మెట్లు," అంది.

అందరం ఆగాం. మూడు అంతస్తుల జనం ఆ మాట పూర్తి కావడం కోసం నిలబడి ఉన్నారు.

"మెట్లు నావి," అంది. "చెయ్యి వదులు."

వదిలాను. పైన మా గుమ్మం, మధ్యలో ఐదు మెట్లు. మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తూ ఉన్నాం. ఆవిడొక్కతే తీసుకుంటూ, వదులుతూ, ఎక్కింది.